వైద్యసేవకుల మనఃక్లేశమును గూర్చి జిల్లా వైద్యారోగ్యాధికారి గారికి బహిరంగ లేఖ

మాన్యులగు మహబూబాబాదు జిల్లా వైద్యారోగ్యాధికారి గారికి,

గార్ల గ్రామవాసి యొకడు నమస్కారపూర్వకముగా చేసికొను మనవి.

ఈ విన్నపమును కవరులో పెట్టి మీ కార్యాలయమునకు పంపక, పదుగురు చదువునట్లు ప్రకటించుటకు కారణము గలదు. ఇందలి విషయము మీ యధికారమునకు లోబడినదే యయినను, దాని మంచిచెడ్డలు మీ బల్లమీది కాగితములలో గాక మా యూరి దవాఖానలో, మా తండాల గుమ్మములలో, రాత్రివేళ నొప్పులు పడుచున్న మా యింటి యాడువారి ప్రక్కన తేలును. కావున మీరును మేమును కలసి యాలోచింపవలసిన విషయమిది. వైద్య సిబ్బందికి ఒత్తిడిని తట్టుకొను శిక్షణ యీయవలెనను మాట యిటీవల తరచుగా వినవచ్చుచున్నది. ఆ మాట మంచిది. దానిని కాదనుటకు నేను కలము పట్టలేదు. ఆ శిక్షణ యెట్లు జరిగిన నిజముగా ఊరట నిచ్చునో, ఎట్లు జరిగిన మరియొక భారమై వారి నెత్తిన కూర్చుండునో నాకు తోచినంతవరకు విన్నవించుటకే పట్టితిని.

మా ప్రాంతము మీకు తెలియనిది కాదు. 2016 అక్టోబరు 11వ తేదీన జిల్లాల పునర్విభజన జరిగినపుడు, అంతవరకు ఖమ్మము జిల్లాలో నుండిన గార్ల, బయ్యారము మండలములు మహబూబాబాదు జిల్లాలో చేరినవి. కాగితముపై జిల్లా మారినను మా రోగుల నడక పూర్తిగా మారలేదు; కాజీపేట–విజయవాడ రైలుమార్గమున మహబూబాబాదునకును డోర్నకలునకును నడుమనున్న మా స్టేషనునుండి యొక బండి మమ్ము వరంగల్లు ఎం.జి.ఎం. ఆసుపత్రి వైపునకు గొనిపోవ, మరియొక బండి ఖమ్మము పెద్దాసుపత్రి వైపునకు గొనిపోవును. ఊరిప్రక్కనే పాకాల యేరు. వానకాలమున నది పొంగి చెక్‌డ్యాముపై పారినపుడు ఆవలనున్న రాంపురము, మద్దివంచ గ్రామములకు రాకపోకలు నిలిచిపోవును. 2024 ఆగస్టు చివర మొదలై సెప్టెంబరు ఒకటవ తేదీకి ఉగ్రరూపము దాల్చిన వానలకు కేసముద్రము–ఇంటికన్నె నడుమ రైలుకట్టయే కొట్టుకొనిపోయిన సంగతి జిల్లాలో మరచినవారు లేరు. అట్టి దినములలో బండి యాగును, బస్సాగును, కచేరీ యాగును. నెలలు నిండిన గర్భిణి నొప్పులు మాత్ర మాగవు. అవి యాగవు గనుక ఆమె వంక చూచు నర్సమ్మయు నాగుటకు వీలులేదు.

ఆ నర్సమ్మ పని యేమో, ఆమె వెంట నడచు ఆశ కార్యకర్త పని యేమో మీకు నేను చెప్పనక్కరలేదు. కాని ఈ లేఖను చదువు నితరులకొరకు కొంత చెప్పెదను. నియమము ప్రకారము మైదాన ప్రాంతమున 5,000 మందికి, గిరిజన ప్రాంతమున 3,000 మందికి ఒక ఉపకేంద్రము; వేయిమందికి ఒక ఆశ. బుధవారము, శనివారము పిల్లలకు టీకాలు. శుక్రవారము దోమల నివారణకు డ్రై డే. ఈ నడుమ గర్భిణుల పేర్ల నమోదు, వారి రక్తపరీక్షలు, కాన్పు తేదీల లెక్క, బాలెంతల పరామర్శ, క్షయరోగులు మాత్రలు మ్రింగుచున్నారో లేదో చూచుట, ముప్పదియేండ్లు దాటినవారి బి.పి., షుగరు పరీక్షలు, జ్వరముల సర్వే, కుష్ఠు సర్వే, కంటివెలుగు వంటి శిబిరములు వచ్చినపుడు ఇంటింటికి పోయి మనుష్యులను తోడ్కొనివచ్చుట. ఇన్నియు చేసి, చేసినదానిని రిజిస్టరులో వ్రాసి, వ్రాసినదానినే మరల ట్యాబులో ఎక్కించి, సిగ్నలు దొరకక ఎక్కనిచో ఇంటి మిద్దెనెక్కి ఎక్కించి, రేపటి రివ్యూ మీటింగులో పక్కమండలముకంటె మీ శాతమేల తక్కువయని యడిగినపుడు తలవంచుకొని నిలుచుండుట. పనిలోని శ్రమ యొక యెత్తు. చేసిన పనిని చేసితినని నిరూపించుకొనుట యింకొక యెత్తు.

ఆశ కార్యకర్త కష్టము మరియొక జాతిది. ఆమె యుద్యోగి కాదు. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషను పుట్టినప్పటినుండియు నామెను స్వచ్ఛంద సేవకురాలనియే ప్రభుత్వము పేర్కొనుచు, పనికింతయని పారితోషికము నిచ్చుచున్నది. 2015లో, మరల 2023లో తెలంగాణపు ఆశ కార్యకర్తలు సమ్మెకు దిగి స్థిరమైన వేతనమును కోరవలసివచ్చినది. 2022 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశపు ఆశ కార్యకర్తలను గౌరవపురస్కారముతో సత్కరించినపుడు మనమందరము సంతోషించితిమి. ఆ సంతోషము వారి ఖాతాలో పడలేదు. అంతకంటె ముఖ్యముగా, డాక్టరు గాని స్టాఫునర్సు గాని డ్యూటీ ముగిసిన పిదప ఇల్లు చేరి తలుపు వేసికొనగలరు. ఆశకు వేసికొన తలుపు లేదు. ఆమె పనిచేయు ఊరును నివసించు ఊరును ఒక్కటియే. తానే బతిమాలి దవాఖానకు తీసికొనిపోయిన కాన్పులో బిడ్డ దక్కనిచో, ఆ తల్లిని మరునాడు బోరింగుకాడ చూడవలసినది ఆమెయే. ఆ యత్తగారి మాట పడవలసినది ఆమెయే. మరణ మెట్లు సంభవించినదని పై యధికారులు విచారించునపుడు సంజాయిషీ చెప్పవలసినదియు నామెయే. ఆమె దుఃఖమును మాత్ర మడుగువారు లేరు.

ఈ సేవ వ్యర్థము కాలేదని లెక్కలు చెప్పుచున్నవి. తెలంగాణలో లక్ష సజీవ జననములకు తల్లుల మరణములు 2014–16 నాటికి 81 ఉండగా 2018–20 నాటికి 43కు తగ్గినవి. 2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము రాష్ట్రములో నూటికి 97 కాన్పులు ఆసుపత్రులలోనే జరుగుచున్నవి. ఈ అంకెలను సభలలో ప్రకటించునపుడు చప్పట్లు మ్రోగుట సహజము. కాని అంకె తనంత తాను తగ్గదు. ఎనుబది యొకటి నలుబది మూడగుటకు నడుమ ఎన్నియో రాత్రులు, ఎన్నియో తండాల దారులు, ఎందరో నర్సమ్మల, ఆశల నిద్రలు కరగిపోయినవి. అట్లు కరగినదానిని తిరిగి నింపుట యెట్లన్నదే ఇప్పటి ప్రశ్న.

మనస్సు అలసినంత మాత్రమున మనిషి కూలునా యని సంశయించువారు నేటికిని గలరు. ఆ సంశయమునకు శాస్త్రము ఏనాడో సమాధానము చెప్పినది. ఆపద యెదురైనపుడు ప్రాణి పోరాడుటకో పారిపోవుటకో సిద్ధమగునట్లు దేహమునందు గుండె వేగము, రక్తపు పోటు, కండరముల బిగువు పెరుగునని అమెరికా శరీరశాస్త్రవేత్త వాల్టరు కానన్ గత శతాబ్ది తొలిపాదముననే వివరించెను. హంగేరీ సంతతివాడై కెనడాలో పరిశోధించిన హాన్స్ సెల్యే, 1936లో, ఆ సన్నద్ధత ఎంతకును సడలకున్నచో మొదట దేహము తట్టుకొనుననియు, పిదప తట్టుకొనుటలోనే తన శక్తిని వెచ్చించి క్షీణించుననియు నిరూపించెను. అడవిలో పులిని చూచిన లేడి పరుగెత్తి బ్రతికినపిదప మరల గడ్డి మేయును; ప్రమాదము తొలగిన క్షణమున దాని దేహము శాంతించును. సంతకమునకు, ఫోనుకు, టార్గెటుకు, తిట్టుకు విరామము లేని ఉద్యోగికి ఆ శాంతించు క్షణము రాదు.

ఈ క్షయము మొదట కనుగొనబడినది వైద్యసేవకులలోనే యనుట గమనింపదగినది. న్యూయార్కు నగరమున బీదలకు ఉచితవైద్యము చేయు క్లినిక్కులో జీతము లేక స్వచ్ఛందముగా శ్రమించు యువకులు, ఉత్సాహముతో వచ్చి, కొన్ని నెలలకే నిస్సత్తువులై, చిరాకుపడుచు, తాము సేవింపవచ్చిన రోగులనే విసుగుకొనుట హెర్బర్టు ఫ్రాయిడెన్‌బర్గరు అను మనస్తత్వశాస్త్రవేత్త చూచి 1974లో దానిని వర్ణించెను. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల వర్గీకరణములో దీనికి స్థానమిచ్చుచు, ఇది రోగము కాదనియు, చక్కదిద్దబడని దీర్ఘకాలికమైన ఉద్యోగపు ఒత్తిడినుండి పుట్టు స్థితి యనియు స్పష్టపరచి మూడు లక్షణములు చెప్పినది: శక్తి యంతయు హరించుకపోయినట్లుండుట, చేయు పనిపై మనస్సు విరిగి వెగటు గలుగుట, తనవలన నేమియు కాదన్న భావము బలియుట. రెండవ లక్షణమును కొంచెము నిదానించి చూడుడు. దవాఖానలో విసుగుకొను నర్సును చూచి మనము పొగరనుకొందుము. పెక్కుమార్లు అది పొగరు కాదు; ఎండిపోయిన దయ.

మన ప్రాచీనులకును ఈ విషయము తెలియకపోలేదు. వైద్యుని ప్రవర్తన నాలుగు విధములుగా నుండవలెనని చరకసంహిత చెప్పుచున్నది: సర్వులయెడ మైత్రి, ఆర్తులయెడ కరుణ, సాధ్యమైన రోగము గలవానియెడ ప్రీతితో కూడిన శ్రద్ధ, మరణోన్ముఖుడైనవానియెడ ఉపేక్ష. మొదటి మూడును రోగిని కాపాడుటకు. నాలుగవది వైద్యుని కాపాడుటకు. తన శక్తికి లొంగని మృత్యువును తన యపరాధముగా నెంచుకొని కుమిలిపోవు వైద్యుడు రేపటి రోగికి పనికిరాడని యా ఋషి గ్రహించెను. నేటి శిక్షణలకు పరమార్థమును ఇదియే కావలెను. ఊపిరిని నిదానముగా తీసి విడుచుట, కండరములను బిగించి సడలించుట, మనస్సును జరిగిపోయినదానినుండి ఇప్పటి క్షణమునకు మరల్చుట, సహోద్యోగితో చెప్పుకొనుట, సాయ మడుగుటకు సిగ్గుపడకుండుట: ఇవన్నియు ఆ నాలుగవ గుణమును అభ్యాసముచే సంపాదించు మార్గములు.

ఆ మార్గములు ఫలించుచున్నవా? వైద్యసేవకులకు వ్యక్తిగతముగా నిచ్చు ఒత్తిడి శిక్షణలపై 117 పరిశోధనలను, అందు పాల్గొన్న 11,119 మంది ఫలితములను పరిశీలించి కాక్రేను సంస్థ 2023లో వెలువరించిన సమీక్ష, అట్టి శిక్షణలచే ఒత్తిడి కొంత తగ్గవచ్చుననియు, ఆ ఫలము సంవత్సరము వరకు నిలువవచ్చుననియు, అటుపైని సంగతి చెప్పుటకు ఆధారములు చాలవనియు తేల్చినది. కావున శిక్షణ నిష్ఫలమనువారు పొరబడుచున్నారు. కాని దానితోనే సర్వమును చక్కబడు ననుకొనువారును పొరబడుచున్నారు. 2017లో మాంచెస్టరు పండితులు 1,550 మంది వైద్యులకు సంబంధించిన 19 పరిశోధనలను కూర్చి చూడగా, వైద్యునికి మాత్రమే నేర్పు ఉపాయములకంటె, పనివేళలను, పనిభారమును, పనితీరును సంస్థయే మార్చినపుడు అలసట యెక్కువ తగ్గినట్లు కనబడినది. బ్రిటనులో 233 సంస్థలలోని 46,336 మంది ఉద్యోగులను గూర్చి ఆక్స్‌ఫర్డు పరిశోధకు డొకడు 2024లో ప్రకటించిన పరిశీలనలో, ధ్యానము, ఓర్పు, నిద్ర మొదలగువానిపై పాఠములు విన్నవారికిని విననివారికిని చెప్పుకోదగిన భేదము లేకపోయినది. 2022 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఉద్యోగస్థలమున మానసికారోగ్యమును గూర్చి వెలువరించిన మార్గదర్శకములును, సిబ్బందికి నేర్పుడని చెప్పుటతో నాగక, పనిలో నున్న ప్రమాదములనే సంస్థ తగ్గింపవలెనని చెప్పినవి.

మా నేలలో ఈ సంగతి తెలియుటకు గ్రంథములు వెదకనక్కరలేదు. గణపతిదేవ చక్రవర్తి సోదరి మైలాంబ బయ్యారమున చెరువు కట్టించిన కాలమునుండియు మా పెద్దలకు కట్టయొక్క ధర్మము తెలియును: కట్ట యెంత గట్టిదైనను, మిగులునీరు పోవుటకు అలుగు లేనిచో తెగక మానదు. అలుగు మూసివేసి, నీటిని ఆపుకొను నేర్పును కట్టకు బోధించువానిని ఊరివారు చూచి నవ్వుదురు. సిబ్బందికి ఊపిరి సాధన నేర్పుచు, వారిపైబడు పనిని నానాటికి పెంచుకొనిపోవుట అట్టిదే. అది తప్పు పనిదని చెప్పక, తప్పు నీ యోర్పుదని చెప్పుట. అట్లు చెప్పబడినవారు మునుపటికంటె నెక్కువ కుమిలిపోవుదురు.

ఇక ఆ శిక్షణ యెట్లుండవలెనో మనవి చేసెదను.

మొదట, అది డ్యూటీ వేళలోనే జరుగవలెను. ఆదివారమునాడు గాని, టీకాల దినమున పని ముగించుకొని పరుగెత్తి రమ్మని గాని పిలిచి ఒత్తిడిని గూర్చి ఉపన్యసించుట హాస్యాస్పదము. ఆ దినమున వారి పనిని మరియొకరికి అప్పగించి పంపుడు. తిరిగి వచ్చునప్పటికి రెండు దినముల పని కుప్పపడి యుండరాదు. ఆశ కార్యకర్తలు పనికింతయని పొందువారు గనుక, ఆ దినపు పారితోషికమును దారిఖర్చును వారికి ముట్టవలెను. జిల్లా కేంద్రమునకు అందరిని రప్పించుటకంటె, శిక్షకులే గార్లకును బయ్యారమునకును వచ్చుట మేలు. నూరుమందిని హాలులో కూర్చుండబెట్టి తెరపై బొమ్మలు చూపినచో వారు చూచెదరు, సంతకము చేసెదరు, భోజనము చేసి పోయెదరు. పదునైదు ఇరువదిమంది గుండ్రముగా కూర్చున్నపుడే నోరు విప్పెదరు. మాట తెలుగులో నుండవలెను. తండాలనుండి వచ్చినవారు దుఃఖమును లంబాడీలో చెప్పుకొన్నచో విని గ్రహింపగలవారు ఆ కూటమిలో నుండవలెను.

రెండవది, ఎవరికి శిక్షణ యన్నది. డాక్టర్లకు, స్టాఫునర్సులకు మాత్రమే యనుకొందుమేని సగము దుఃఖమును బయట విడిచినట్లగును. 108 బండి నడుపు డ్రైవరు, అందులో రోగిని పట్టుకొని కూర్చుండు టెక్నీషియను, ల్యాబులో రక్తము తీయువాడు, మందులిచ్చు ఫార్మసిస్టు, వార్డులో నెత్తుటి గుడ్డలెత్తు ఆయమ్మ, శవపరీక్ష గదిలో పనిచేయు సహాయకుడు: వీరు చూచునవి సామాన్యమైన దృశ్యములు కావు. కరోనా కాలమున శవములను మూటగట్టిన చేతులను మనము ఎంత త్వరగా మరచితిమో తలచినచో సిగ్గు కలుగును.

మూడవది, మరుగు. తనపై సంతకము చేయు నధికారి యెదుట ఏ యుద్యోగి తన బలహీనతను చెప్పును? కావున ఆ కూటములలో పై యధికారులు కూర్చుండరాదు. అక్కడ చెప్పినది రిజిస్టరు కెక్కరాదు. ఫొటో తీసి వాట్సాపు గ్రూపులో పెట్టరాదు. రివ్యూ మీటింగునకు ముందొక గంట ఒత్తిడి శిక్షణ యని చేర్చుట అన్నిటికంటె అనర్థకము. ముందు గంటలో సడలిన కండరములు తరువాతి గంటలో మరల బిగుసుకొనును.

నాలుగవది, నిరంతరత. ఒక్కనాటి ఉపన్యాసము ఒక్కనాటితో పోవును. 1950ల దశకమున లండనులో మైకేలు బాలింటు అను వైద్యుడు, కుటుంబవైద్యులను చిన్న గుంపులుగా కూర్చి, క్రమము తప్పక కలిసికొనునట్లు ఏర్పాటుచేసి, తమను కలతపెట్టిన యొక్కొక్క రోగిని గూర్చి చెప్పుకొనజేసెను. అందు పరీక్ష లేదు, తీర్పు లేదు. చెప్పువాడు చెప్పును, తక్కినవారు విని తమకు తోచినది పలుకుదురు. ఆ పద్ధతి నేటికిని అనేక దేశములలో నడచుచున్నది. దానికి యంత్రము లక్కరలేదు, నిధు లక్కరలేదు. మన ఆరోగ్య కేంద్రములలో నెలకొకసారి జరుగు ఆశ డే నాడు ఒక గంటను దీనికై విడదీయుడు. లెక్కలు ముగిసిన పిదప గాక, లెక్కలు మొదలుకాక మునుపే. ఆ గంటలో ఏ శాతమును అడుగరాదు. ఈ నెల నిన్ను నిద్రపోనీయని సంగతి యేమని మాత్ర మడుగవలెను.

ఐదవది, ఆపద జరిగినప్పటి పరామర్శ. తల్లి మరణమో బిడ్డ మరణమో సంభవించినపుడు విచారణ యవసరమే. దానివలన రేపటి ప్రాణము నిలుచును. కాని విచారించు కాగితము చేరుటకు ముందే ఓదార్చు మనిషి చేరవలెను. ఏమి జరిగినదో వెంటనే సాంతము చెప్పుమని బలవంతపెట్టుటయు మేలు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో ప్రకటించిన మానసిక ప్రథమచికిత్స మార్గదర్శకము మూడే పనులు చెప్పుచున్నది: చూచుట, వినుట, తగిన తోడునకు చేర్చుట. దీనిని ప్రతి మెడికల్ ఆఫీసరును, ప్రతి సూపర్వైజరును నేర్వవచ్చును; నేర్చుటకు ఒక దినము చాలును.

ఆరవది అన్నిటికిని ప్రాణము వంటిది: పనిని చక్కదిద్దుట. ఒకే సంగతిని రిజిస్టరులోను, ట్యాబులోను, ఫోనులోను మూడుమార్లు వ్రాయుట కేవలము నియమమైనచో, ఏ రెండు వ్రాతలను మీ జిల్లాలో మాన్పవచ్చునో చూడుడు. రాష్ట్రమే మాన్పవలసినవాటిని గూర్చి మీరు పైకి వ్రాయుడు. రాత్రి డ్యూటీలో ఒంటరిగా ఏ నర్సును నుండనీయకుడు. సిబ్బందికి తలుపు వేసికొన గది, తాళము పడు మరుగుదొడ్డి, త్రాగునీరు ప్రతి కేంద్రములో నున్నవో లేవో స్వయముగా తెరచి చూడుడు. రాత్రి పది దాటిన పిదప వాట్సాపులో లెక్క లడుగరాదని యొక ఉత్తరువు జారీచేయుడు. దీనికి పైసా ఖర్చు లేదు, ఫలము మాత్రము మరునాడే కనబడును. లండనులోని యొక పెద్దాసుపత్రి నర్సులను గూర్చి ఇసబెల్ మెంజీస్ 1960లో వ్రాసిన వ్యాసములో, కఠినమైన నియమములచేతను, పనిని ముక్కలుగా పంచుటచేతను నర్సు రోగితో మనసు కలుపకుండ చేసి ఆమె కలతను తప్పింపజూచిన ఆసుపత్రి, ఆ కలతనే యినుమడింపజేసినదని చూపెను. మన టార్గెట్లును అట్లే. నర్సమ్మకు తన పనిలోని తృప్తి, తాను కాపాడిన మనిషి ముఖములో నుండును; ఆ ముఖమును చూచు తీరిక లేకుండ శాతములను చూపించినచో, అలసట మిగులును, తృప్తి పోవును.

ఈ పనులకు మనుష్యులేరి యందురేమో. 2022లో మహబూబాబాదున ప్రభుత్వ వైద్యకళాశాల వెలసినది. మరుసటి సంవత్సరము జనగామకును భూపాలపల్లికిని వచ్చినవి. వరంగల్లు కాకతీయ వైద్యకళాశాల 1959 నుండియు నున్నది. వైద్యకళాశాల యున్నచోట మనోవైద్య విభాగ ముండుట నియమము. ఆ విభాగములవారు తమ వాకిటికి వచ్చు రోగులతోపాటు, జిల్లాలోని సేవకులకును నెలకొక దినము కేటాయించినచో, ఒక్కొక్క మండలమునకు వంతు వచ్చుట కష్టము కాదు. 1996లో మొదలైన జిల్లా మానసికారోగ్య కార్యక్రమము పేరున నున్న వసతులను దీనికి జోడింపవచ్చును. 2022 అక్టోబరు 10న కేంద్రప్రభుత్వ మారంభించిన టెలిమానస్ సేవలో 14416 నంబరునకు ఫోను చేసినచో తెలుగులోనే సలహా దొరకును. ఆ నంబరును రోగులకొరకు గోడపై వ్రాసియుంచుదుము గాని, ఆ గోడల నడుమ పనిచేయు సిబ్బందికిని అది పనికివచ్చునని వారికి చెప్పము.

మా తాతలనాటి మంత్రసానులు, కంపౌండర్లు ఏ శిక్షణయు లేకయే జీవితమంతయు సేవచేయలేదా యను మాటయు విన్నాను. చేసిరి; వారికి నమస్కారము. కాని ఆనాటి మంత్రసానికి ఒక్క కాన్పు ఒక్క కాన్పే. దానికి శాతము లేదు, ర్యాంకు లేదు, వీడియో తీయువాడు లేడు. ఊరిలో నామె మాటకు గౌరవముండెడిది. నేటి నర్సమ్మకు ఆ గౌరవమును ఈయక, ఆనాటి యోర్పును మాత్రమే యామెనుండి కోరుట న్యాయము కాదు.

ఇక్కడ నా తోటి గ్రామస్థులతోను ఒక మాట చెప్పవలసియున్నది. దవాఖాన సిబ్బంది యొత్తిడిలో మన పాలును గలదు. అర్ధరాత్రి మనిషి చనిపోయినపుడు ఎదుటనున్న డాక్టరుపై చేయి చేసికొనుట, నర్సును నోటికివచ్చినట్లు తిట్టుట, అద్దములు పగులగొట్టుట మన యూళ్ళకు క్రొత్త గాదు. ఇట్టి దౌర్జన్యమునకు మూడేండ్ల వరకు జైలు, 50 వేల రూపాయల వరకు జరిమానా విధింపవచ్చునని 2008లోనే ఉమ్మడి రాష్ట్రమున చట్టము చేయబడినది. కరోనా కాలమున, 2020లో, కేంద్రము అంటువ్యాధుల చట్టమును సవరించి, తీవ్రమైన గాయము చేసినవారికి ఏడేండ్ల వరకు శిక్షను నిర్ణయించినది. చట్టము భయపెట్టగలదు, మర్యాదను నేర్పలేదు. ఆ నేర్పు ఇంటినుండియే రావలెను. బిడ్డకు టీకా వేయించుకొని మరలునపుడు ఆశ అక్కను పేరుపెట్టి పిలిచి ఒక మంచిమాట యనుటకు మనకు ఖర్చేమియు లేదు.

అయ్యా, అమ్మా, ఆ పీఠమున నెవరున్నను వారికే నా తుది విన్నపము. శిక్షణను జరిపింపుడు; తప్పక జరిపింపుడు. కాని దాని నివేదికలో ఎందరు హాజరైరో యను అంకెకు ప్రక్కన, ఈ సంవత్సరము సిబ్బంది తలలనుండి ఏ యే భారములను దింపితిమో యను మరియొక వరుసను చేర్చుడు. ఆ వరుస ఖాళీగా నున్నంతకాలము మొదటి అంకె యెంత పెద్దదైనను దానికి విలువ లేదు. మొదటి కూటమిని గార్లలోనే పెట్టించినచో గ్రామస్థులముగా మాకు చేతనైన సాయము, కూర్చుండుటకు చోటు, వచ్చినవారికి భోజనము, ఆ దినమున దవాఖానలో గుమిగూడక యత్యవసరమైనవారే రావలెనని ఊరిలో చాటింపు, మేము చూచుకొందుము. తక్కినది మీ చేతులలో నున్నది. తడవు చేయవలదని ప్రార్థించుచున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
గార్ల గ్రామవాసి